ఒత్తు దగ్గర ఆగిపోతున్న చదువు

మన ఉద్యమం ఊరూరా గోడల మీద రాస్తున్నవి రెండే మాటలు. ప్రత్యేక రాష్ట్రం. ఆ రెండు మాటల్లో ఎన్ని ఒత్తులున్నాయో చూశారా? ప కింద ర ఒత్తు. త కింద య ఒత్తు, పైన ఏత్వం. ష కింద ట ఒత్తు, దానికి మళ్లీ ర ఒత్తు, చివర సున్న. చిట్టమూరు మండలంలో ఏ ఊరి బడికైనా వెళ్లి, నాలుగో తరగతి పాపనో అయిదో తరగతి పిల్లాడినో పిలిచి ఆ గోడ ముందు నిలబెట్టి చదవమనండి. కొందరు గడగడా చదివేస్తారు. కొందరు అక్షరం అక్షరం కూడబలుక్కుంటారు. ఇంకొందరు మాట్లాడకుండా నేల చూపులు చూస్తారు. ఆ మూడో రకం పిల్లల గురించే ఈ వారం మా సంపాదకీయం.

నీళ్లు, నిధులు, రాజధాని, హైకోర్టు అని కొట్లాడే పత్రికకు అయిదో తరగతి పిల్లాడి వాచకంతో పనేమిటని అడిగేవాళ్లు ఉంటారు. పని ఉంది. ఎవరి కోసం రాష్ట్రం అడుగుతున్నామో వాళ్లు మన కరపత్రం చదవలేకపోతే, రేపు ఆ రాష్ట్రంలో వచ్చే జీవో కూడా చదవలేరు. జీవో చదవలేని వాడికి రాజధాని అమరావతిలో ఉన్నా, కర్నూలులో ఉన్నా, తిరుపతిలో ఉన్నా ఒకటే. దరఖాస్తు రాసిపెట్టే వాడి చుట్టూ తిరగడం తప్పదు.

లెక్కలు మేం చెప్పేవి కాదు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి దేశమంతా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి పిల్లల చదువును పరీక్షిస్తోంది. దాన్నే 'అసర్' నివేదిక అంటారు. ఒక కాగితం మీద నాలుగు మెట్లుంటాయి. అక్షరాలు, చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి చదివే పిల్లల్లో ఆ కథ చదవగలిగిన వాళ్లు 2018లో నూటికి 20.9 మంది. కరోనా తర్వాత 2022లో 16.3కి పడిపోయారు. 2024లో 23.4కి లేచారు. లేచారని ఢిల్లీలో సంబరపడ్డారు కూడా. అయిదో తరగతిలో 2024 లెక్క 44.8. అంటే ప్రాథమిక బడి దాటబోతున్న పిల్లల్లో సగానికి పైగా, మూడేళ్ల కిందట చదవాల్సిన పాఠం ఇప్పటికీ చదవలేరు. ఇది దేశం లెక్క. మన తీరం దీనికి మినహాయింపని అనుకోవడానికి మాకైతే కారణం కనపడలేదు.

ఈ పిల్లలు మొద్దులు కారు. పులికాట్‌లో ఏ కాలంలో ఏ చేప దొరుకుతుందో, నీళ్లు ఎప్పుడు ఉప్పెక్కుతాయో, ఏ గట్టు కింద ఎలుక బొరియ ఉందో చెప్పగల పిల్లలు. ఆగిపోతున్నది ఎక్కడో టీచర్లందరికీ తెలుసు. అక్షరమాల ఎలాగో గట్టెక్కుతారు. గుణింతాల దగ్గర సగం మంది తడబడతారు. ఒత్తుల దగ్గర బండి నిలిచిపోతుంది. పాఠ్యపుస్తకం మాత్రం నిలవదు. మూడో తరగతికి రాగానే పరిసరాల విజ్ఞానం వస్తుంది, మాటల్లో రాసిన లెక్కలు వస్తాయి. కూడికలు వచ్చిన పిల్ల కూడా లెక్క తప్పుతుంది. లెక్క రాక కాదు, లెక్కలో ఉన్న వాక్యం చదవలేక. దీనికి తోడు 2019లో జీవో 81 తెచ్చి ఒకటో తరగతి నుంచీ ఇంగ్లీషు మీడియం అన్నారు. 2020లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తర్వాత ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉండే పుస్తకాలు వచ్చాయి. సంచి బరువు రెట్టింపయింది. చదవలేని పిల్లాడికి ఇప్పుడు చదవలేని పేజీలు రెండు.

చిట్టమూరు సంగతి చూడండి. పులికాట్‌ను ఆనుకున్న మండలం. 2022 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లా నుంచి తీసి తిరుపతి జిల్లాలో కలిపారు. ఆ గీత ఎటు గీయాలన్న దాని మీద గూడూరు ప్రాంతంలో ఎన్ని ధర్నాలు జరిగాయో అందరికీ తెలుసు. గీత కోసం జరిగిన గొడవలో పదో వంతు కూడా బడి కోసం జరగలేదు. ఈ మండలంలో బడికి వచ్చే పిల్లలెవరు? కాస్త ఉన్నవాళ్ల పిల్లలు కాన్వెంటు బస్సెక్కి కోటకో నాయుడుపేటకో గూడూరుకో పోతారు. ఊరి బడికి మిగిలేది దళితవాడ పిల్లలు, యానాది పిల్లలు, సరస్సు మీద బతికే బెస్తల, పట్టపోళ్ల పిల్లలు. ఇంట్లో పుస్తకం పట్టుకుని కూర్చోబెట్టే తీరిక అమ్మానాన్నలకు ఉండదు. చాలామందికి చదువూ ఉండదు. కోతల కాలంలో తల్లి పొలం పోతే చంటిబిడ్డను చూసేది మూడో తరగతి పిల్లే. రొయ్యల గుంటల కాపలాకు కుదిరిన యానాది కుటుంబం గట్టు మీదే గుడిసె వేసుకుంటుంది. బడి ఊళ్లో, బతుకు గట్టు మీద. నెలన్నర తర్వాత తిరిగొచ్చేసరికి పాఠం ముందుకు పోయి ఉంటుంది. హాజరు పట్టీలో పేరు ఉంటుంది, చదువులో ఉండదు.

ఈ యానాదుల తాతలను తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం కింద ముద్ర వేసి కప్పరాళ్లతిప్ప లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. నెల్లూరు మనిషి వెన్నెలకంటి రాఘవయ్య యానాది సంఘం పెట్టి ఊరూరా తిరిగి ఆ మచ్చ చెరిపేందుకు పోరాడారు. ఆ కుటుంబాల మనవలు, మునిమనవలు ఇవాళ బడిలో కూర్చుంటున్నారు. కూర్చోవడం దాకా వచ్చాం. చదవడం దగ్గర ఆగాం.

సరస్సుకు అవతలే శ్రీహరికోట. 1971లో మొదటి చిన్న రాకెట్ ఎగిరినప్పటి నుంచి 2023లో చంద్రయాన్-3 దాకా అన్నీ మన పిల్లల నెత్తి మీదుగానే పోయాయి. ఉరుము వినపడగానే తరగతి తరగతంతా బయటికి పరిగెత్తుతుంది. ఆ కోట కోసం దీవిలోని యానాది గూడేలను ఖాళీ చేయించిన సంగతి వాళ్ల పుస్తకంలో ఉండదు. ఉన్నా చదవడానికి ఒత్తులు రావాలి. 'చంద్రయాన్' అన్న మాటలో కూడా ద కింద ర ఒత్తుంది మరి.

ప్రభుత్వానికి ఇది తెలియదా? బాగా తెలుసు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యా హక్కు చట్టంలోనే ఉంది. ప్రతి బిడ్డ ఎంత నేర్చుకోగలుగుతోందో చూసి, అవసరమైన వాళ్లకు అదనంగా బోధించడం టీచరు విధి అని 24వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి వెనకబడిన పిల్లలకు అదనపు చదువు అనేది ఎవరూ దయతలిచి ఇచ్చేది కాదు, చట్టం రాసిచ్చిన హక్కు. కానీ అదే చట్టం 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు చాలంది. అయిదు తరగతులకు ఇద్దరు! అందులో ఒకరు మీటింగుకు పోతే మిగిలేది ఒక్కరు. ఆ ఒక్కరే హాజరు యాప్‌లో ముఖం చూపించాలి, మధ్యాహ్న భోజనం లెక్క పంపాలి. ఆ మధ్య కొన్నేళ్లు మరుగుదొడ్ల ఫొటోలు కూడా టీచర్లతోనే తీయించారు. ఇక అదనపు బోధన ఏ గంటలో? చట్టం పని చెప్పింది, మనిషిని ఇవ్వలేదు.

మనిషికి బదులు పేర్లు ఇచ్చారు. పథకాల పేర్లు. 2005 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో 'క్లిప్' అన్నారు. పిల్లల భాషాభివృద్ధి కార్యక్రమమట. ఏడాది రెండేళ్లు తిరక్కుండానే అది 'క్లాప్స్' అయింది. క్లిప్పు, క్లాపు అని టీచర్లే నవ్వుకున్నారు. తర్వాత త్రీ ఆర్స్ వచ్చింది. ఆ తర్వాత జ్ఞానధార. 2020లో 'చదవడం మాకిష్టం'. 2021లో కేంద్రం నిపుణ్ భారత్ పెట్టి, 2026-27 నాటికి దేశంలో మూడో తరగతి పూర్తిచేసే ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలని గడువు రాసుకుంది. అదే ఏడాది ప్రపంచ బ్యాంకు 'సాల్ట్' పేరుతో 25 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. అప్పు మన పేరు మీదే ఉంది, మన పిల్లలే తీర్చాలి. 2022లో ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలతో ట్యాబులు పంచారు. ఆ కంపెనీ రెండేళ్లు తిరక్కుండానే దివాలా కోర్టుకెక్కింది. ఏ పథకమూ పూర్తిగా చెడ్డది కాదని మా అభిప్రాయం. క్లిప్ కాలంలో పిల్లల్ని స్థాయిని బట్టి కూర్చోబెట్టి చదివించిన బడుల్లో తేడా కనిపించిందని చెప్పే టీచర్లు ఉన్నారు. చెడ్డది ఏమిటంటే ఏదీ మూడేళ్లు నిలవకపోవడం. ఒకటో తరగతిలో ఒక పథకం కింద చేరిన బిడ్డ అయిదో తరగతి అయ్యేసరికి మూడు పథకాలు చూస్తోంది. ప్రభుత్వం మారితే పేరు మారాలి, కార్డు మారాలి, శిక్షణ మళ్లీ మొదటి నుంచి జరగాలి. అదీ చాలదన్నట్టు 2022లో జీవో 117తో మూడు, నాలుగు, అయిదు తరగతులను ఊరి బడి నుంచి తీసి హైస్కూళ్లకు తరలించడం మొదలుపెట్టారు. 2025లో ఆ జీవో రద్దయింది. తీసుకుపోయింది ప్రభుత్వమే, తెచ్చింది ప్రభుత్వమే. మధ్యలో పోయిన మూడేళ్లు మాత్రం పిల్లలవి.

పనిచేసే పద్ధతి ఏదో తెలియక ఇలా జరుగుతోందంటే నమ్మడం కష్టం. 2001 నుంచి 2003 వరకు ముంబై, వడోదర మునిసిపల్ బడుల్లో వెనకబడిన పిల్లలకు రోజుకు రెండు గంటలు పాఠం చెప్పేందుకు 'బాల్‌సఖి' అని వాడలోని ఆడపిల్లల్నే పెట్టారు. పెద్ద డిగ్రీలేమీ లేవు, హైస్కూలు చదువు. పిల్లల మార్కులు పెరిగాయి. తర్వాత నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో లెక్కగట్టి చూపిన సంగతి ఇది. ఉత్తరప్రదేశ్ జౌన్‌పూర్ జిల్లాలో ఊరి యువకులు చదువు శిబిరాలు నడిపారు. వచ్చిన పిల్లలు బాగుపడ్డారు. కానీ నూటికి ఎనిమిది మందే వచ్చారు. బడి బయట, బడి వేళ తర్వాత పెడితే అవసరం ఉన్న బిడ్డే రాదని అక్కడ తేలింది. పుస్తకాలు, కార్డులు పంచి ఊరుకున్న చోట ఏమీ మారలేదు. హర్యానాలో 2012-13లో బడి వేళల్లోనే ఒక గంటను దీనికే కేటాయించి, తరగతిని పక్కనపెట్టి స్థాయిని బట్టి కూర్చోబెడితే ప్రభుత్వ టీచర్లతోనే పిల్లల చదువు మెరుగుపడింది. అంతదూరం ఎందుకు, 2005 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే అయిదు జిల్లాల్లో 100 బడులకు అదనంగా ఒక్కో కాంట్రాక్టు టీచరును ఇచ్చి రెండేళ్లు చూశారు. ఆ టీచరు జీతం రెగ్యులర్ టీచరు జీతంలో అయిదో వంతు కూడా లేదు. ఆ బడుల పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ మిగతా బడుల కంటే ముందుకు వెళ్లారు. పరీక్ష జరిగింది మన గడ్డ మీద. ఫలితాలు అచ్చయి ప్రపంచమంతా చదివింది. మన సచివాలయం చదివిందో లేదో!

అమెరికాలో పేద పిల్లలెక్కువగా ఉన్న బడులకు ఇలాంటి అదనపు బోధన కోసం 1965లోనే చట్టం చేసి డబ్బు కేటాయించారు. ఆ డబ్బంతా సరిగ్గా ఖర్చయిందని ఎవరూ అనరు. కానీ అధ్యక్షుడు మారినప్పుడల్లా ఆ పద్దు మాయం కాలేదు. అరవై ఏళ్లు నిలిచింది. మనం అడగాల్సింది ఆ నిలకడే.

ఇక మన ప్రాంతం సంగతి. 1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో రాయలసీమతో పాటు నెల్లూరు పేరు కూడా ఉంది. ఈ రెండూ కోస్తా జిల్లాల స్థాయికి ఎదిగేదాకా నీటి పథకాల్లో వీటికే మొదటి హక్కు అని పెద్దలు రాసుకున్నారు. రాసుకున్నది ఏమైందో ఈ పత్రిక పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. 2014 విభజన తర్వాత వెనకబడిన జిల్లాలకు ఏటా జిల్లాకు 50 కోట్లు అన్నప్పుడు ఏడు జిల్లాలను లెక్కేశారు. సీమ నాలుగు, ఉత్తరాంధ్ర మూడు. నెల్లూరు లేదు. ఒడంబడికలో సీమతో కలిపారు, పంపకంలో విడదీశారు. గూడూరు ఇవతలి మెట్టలను, ఉప్పునేలలను, పులికాట్ ఒడ్డును చూసిన వాడెవడూ ఇది మాగాణి సిరుల జిల్లా అని తేల్చేయడు. నెల్లూరు మొలగొలుకుల పేరు చెప్పి చిట్టమూరు యానాది పిల్లను ధనవంతుల ఖాతాలో వేశారు. ఈ అన్యాయం మీద మా పోరు ఆగదు.

అయితే రాష్ట్రం రాగానే పిల్లలకు ఒత్తులు వాటంతటవే వచ్చేస్తాయని చెప్పడానికి మేం సిద్ధంగా లేం. తెలంగాణ 2014లో వచ్చింది. ఒకటి నుంచి అయిదో తరగతి దాకా పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు సరిగా నేర్పాలని 'తొలిమెట్టు' మొదలుపెట్టింది 2022లో. రాష్ట్రం ఏర్పడిన నాడు ఒకటో తరగతిలో చేరిన బిడ్డ అప్పటికి హైస్కూలు మధ్యలో ఉంది. అంత గొప్ప ఉద్యమం చేసి సాధించుకున్న చోటే ఎనిమిదేళ్లు పట్టింది. ఈ ముక్క చెబితే మన నాయకులు కొందరికి రుచించదు. రుచించకపోయినా చెప్పాలి. మన ఉద్యమ తీర్మానాల్లో ప్రాజెక్టుల పేర్లు టీఎంసీలతో సహా ఉంటాయి. చదువు దగ్గరికొస్తే 'విద్యారంగంలో సమగ్రాభివృద్ధి' అని ఒక్క ముక్కతో సరిపెడతారు. ఆ ముక్క ఏ పార్టీ మేనిఫెస్టోలోనైనా దొరుకుతుంది.

ఇంకొక చేదు మాట కూడా ఉంది. ఉద్యమం ఏదైనా మొదట మూతపడేది బడి. 1972-73లో జై ఆంధ్ర అన్నప్పుడు నెలల తరబడి చదువులు ఆగాయి. 2013 ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా సమైక్యాంధ్ర సమ్మెలో టీచర్లే దిగారు, వారాల తరబడి ప్రభుత్వ బడులు తెరుచుకోలేదు. ఇంట్లో చదివించేవాళ్లున్న బిడ్డకు ఆ రోజులు ట్యూషనుతో పూడాయి. గుంట గట్టు మీది బిడ్డకు ఏ ట్యూషను? ప్రాంతానికి న్యాయం కోసం జరిగిన ప్రతి బందుకూ కట్నం చెల్లించింది ఆ ప్రాంతపు అత్యంత పేద బిడ్డే. బందులు వద్దని మేం అనం. అవి లేకుండా ఏ ప్రభుత్వమూ దిగిరాదని చరిత్ర చెబుతోంది. కానీ బందు రోజున ఒకటి నుంచి అయిదో తరగతి పిల్లలకు ఒక గంట చదువు రచ్చబండ మీదనో రామాలయం అరుగు మీదనో మన కుర్రాళ్లే నడపాలని ఉద్యమ కమిటీలు తీర్మానం చేయాలి. బస్సులు ఆపే చేతులకు పలక పట్టుకోవడం భారం కాదు.

నెల్లూరుకు ఇది కొత్త విద్య కూడా కాదు. 1990 దశకం మొదట్లో ఈ జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం ఊపందుకున్నప్పుడు జీతం లేని వాలంటీర్లు రాత్రిపూట లాంతర్ల కింద ఆడవాళ్లకు అక్షరాలు దిద్దించారు. వాచకంలోని ఒక పాఠం చదివిన దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుని 1993 అక్టోబర్ 1న సారా నిషేధం వచ్చింది. చదవడం వచ్చిన పేదవాడిని చూసి ప్రభుత్వం ఎందుకు జంకుతుందో దూబగుంట చూపించింది. ఆ వాలంటీర్లలో చాలామందికి వచ్చింది చప్పట్లే. ఆ తర్వాత వచ్చిన విద్యా వాలంటీర్లకు పది నెలల పని, చాలీచాలని గౌరవ వేతనం, అదీ నెలల బకాయి. అందుకే ఉచిత సేవ అనే తీపి మాటను మేం ఒప్పుకోం. ఊరి ఆడపిల్ల గంట పని చేస్తే గంట కూలి ఇవ్వాలి.

అడుగుతున్నది కొండంత కాదు. ప్రతి ప్రాథమిక బడికి, ఆ ఊరిలోనే ఇంటరో డిగ్రీనో చదివిన ఒక మనిషి. యానాది కాలనీ ఉన్న చోట ఆ కాలనీ పిల్లకే మొదటి అవకాశం. బడి వేళల్లోనే రోజుకు ఒక గంట, మూడు నుంచి అయిదో తరగతి పిల్లల్ని తరగతితో పనిలేకుండా ఆగిపోయిన మెట్టును బట్టి కూర్చోబెట్టి చదివించడం. కాపలా కుటుంబాలు గుంటల మీదికి వెళ్లిన నెలల్లో ఆ మనిషే గట్టు దగ్గరికి వెళ్లాలి. నెలకు 3,000 ఇచ్చినా పది నెలలకు 30,000. 2025లో తల్లికి వందనం కింద ఒక్కో బిడ్డకు తల్లి ఖాతాలో వేసింది 13,000. అంటే ముగ్గురు బిడ్డల పేరిట పడిన డబ్బు కంటే తక్కువకే ఒక బడి మొత్తానికి చదివించే మనిషి దొరుకుతుంది. తల్లుల డబ్బు తగ్గించమని మేం అడగడం లేదు. పక్కన ఇంకో పద్దు పెట్టమంటున్నాం. ఆ పద్దుకు ఏ ముఖ్యమంత్రి పేరూ పెట్టకండి, తర్వాత వచ్చేవాడు తీసేస్తాడు.

ఈలోగా మనం చేయాల్సింది ఒకటుంది. చిట్టమూరు, వాకాడు, కోట మండలాల ఉద్యమ కమిటీలు ఈ నెలాఖరులోగా తమ ఊరి బడికి వెళ్లాలి. హెడ్మాస్టరును అడిగి, ఆయన సమక్షంలోనే చేయండి. తనిఖీకి వచ్చినట్టు కాకుండా చుట్టాలింటికి వెళ్లినట్టు వెళ్లండి. ఒక కాగితం మీద పది అక్షరాలు, పది చిన్న మాటలు, ఒత్తులు లేని నాలుగు వాక్యాలు, ఒత్తులున్న ఒక చిన్న కథ రాసుకోండి. మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లల్ని ఒక్కొక్కరినే పక్కకు పిలిచి, మిగతావాళ్లు నవ్వకుండా చూసుకుంటూ చదివించండి. పిల్లల పేర్లు రాయవద్దు, టీచర్ల పేర్లూ వద్దు. ఊరు, తరగతి, ఏ మెట్టు మీద ఎంతమంది ఉన్నారో చాలు. మాకు పంపండి. వచ్చినవి వచ్చినట్టే అచ్చువేసి, ఆ పత్రికలనే తీసుకుని మండల విద్యాధికారి ఆఫీసు ముందు కూర్చుందాం.